ఫ్రాన్స్ పల్లెలో పాత బంగళా కొని గెస్ట్‌హౌస్ పెడదామా?

 

ఈమధ్య నాకు వారానికి రెండుసార్లైనా ఒకే రకం రీల్ వస్తోంది. రాతి గోడలు, నీలం రంగు చెక్క తలుపులు, ముందు గులాబీ తీగలు, వెనక మూడెకరాల తోట. ఎనిమిది బెడ్‌రూములు. 1840ల్లో కట్టిన ఇల్లు. ధర చూస్తే మన కొండాపూర్‌లో పెద్ద ఫ్లాట్ ధర! కింద ఒక లైను: "గెస్ట్‌హౌస్‌కి బ్రహ్మాండమైన అవకాశం." దాని వెనకాలే ఫ్రెండ్స్ మెసేజ్: "మామా, నలుగురం కలిసి కొనేద్దామా?"

నేను తులూజ్‌లో తొమ్మిదేళ్లు ఉన్నాను. ఫ్రాన్స్‌కి దక్షిణాన, విమానాలు తయారుచేసే ఊరు. మా పెదనాన్నగారి అమ్మాయి, అంటే మా అక్క, బావగారు ఇప్పటికీ అక్కడే ఉంటారు. వాళ్లు ఇలాంటి ఇల్లు ఒకటి కొనడానికి సంతకం దాకా వెళ్లారు. ఆ పని మొత్తంలో నేను పక్కనే ఉన్నాను. వాళ్లని అడిగే ఇది చెబుతున్నాను. లెక్కలు తేలిగ్గా ఉండటానికి యూరోకి వంద రూపాయలు అనుకుందాం.

ముందు, అసలు అంత చవక ఎందుకు?

ఫ్రాన్స్ పల్లెల నుంచి జనం పట్నాలకి వెళ్లిపోయి తరాలు దాటింది. ఇళ్లు మిగిలాయి, మనుషులు లేరు. ఇది సగం సంగతే. మిగతా సగం వారసత్వ చట్టం. 1804లో నెపోలియన్ కాలంలో వచ్చిన సివిల్ కోడ్ ప్రకారం పిల్లల్ని ఆస్తి నుంచి పూర్తిగా తప్పించడం కుదరదు. పెద్దాయన పోగానే ఆ బంగళా నలుగురు పిల్లల ఉమ్మడి ఆస్తి అవుతుంది. దాన్ని వాళ్లు "ఆందివిజియోన్" అంటారు. ఒకడు పారిస్‌లో, ఒకామె కెనడాలో, ఒకరికి డబ్బు కావాలి, ఇంకొకరికి అమ్మ గది అమ్మడం ఇష్టం లేదు. మన అన్నదమ్ముల ఉమ్మడి ఇళ్ల కథే కదా ఇది! పైగా ఉమ్మడిలో ఉండి తీరాలని ఎవర్నీ బలవంతపెట్టకూడదని అదే కోడ్ చెబుతుంది. ఒక్కరు వద్దంటే చాలు, పంపకమో అమ్మకమో తప్పదు. ఈలోపు పదేళ్లు ఆ కప్పు మీద ఎవరూ పైసా ఖర్చు పెట్టరు. రీల్‌లో కనబడే ఆ అందమైన పాతదనంలో చాలాభాగం ఆ పదేళ్లే.

ధర మరీ తక్కువగా ఉంటే ఇంకోటి చూడండి. ప్రకటనలో "వియజే" అన్న మాట ఉందా? అంటే, ఇంట్లో ఉన్న ముసలాయనకో ముసలామెకో కొంత ముందు ఇచ్చి, వాళ్లు బతికినన్నాళ్లూ నెలనెలా డబ్బు కట్టాలి. వాళ్లు పోయాకే ఇల్లు మీ చేతికొస్తుంది. 1965లో ఆర్ల్ అనే ఊళ్లో జాన్ కల్మాఁ అనే 90 ఏళ్ల ఆవిడ ఫ్లాట్‌ని ఒక నోటరీ ఇలాగే తీసుకున్నాడు. నెలకి 2,500 ఫ్రాంకులు. ఆయనకి అప్పుడు 47. తొంభై ఏళ్లావిడ ఇంకెంతకాలం ఉంటుందిలే అనుకుని ఉంటాడు. ఆయన 1995లో పోయాడు, ఆవిడ ఇంకా ఉంది! తర్వాత ఆయన భార్య కట్టింది. ఆవిడ 1997లో, 122 ఏళ్ల వయసులో పోయింది. రికార్డులకెక్కిన మనుషుల్లో అంతకాలం బతికినవాళ్లు లేరు. ఫ్లాట్ విలువకి రెట్టింపు పైనే కట్టారు వాళ్లు.

సరే, మా అక్కావాళ్ల సంగతికొద్దాం.

ఇల్లు తులూజ్‌కి పడమర, గేర్స్ అనే జిల్లాలో. పొద్దుతిరుగుడు పొలాలు, బాతుల పెంపకం, ద్రాక్ష సారా. అక్కడ రైతు ఇంటిని, జమీందారు కోటని ఒకే మాటతో పిలవరు. పొడుగ్గా కొట్టంలా ఉండేది "లొంజేర్". మధ్యలో హాలు, రెండువైపులా సమానంగా గదులు, పైన మేడ, మన ఊళ్లలో కరణంగారి మేడలాంటిది "మేజోఁ ద మేత్ర్". మావాళ్లు చూసింది ఇదే. ధర 2,75,000 యూరోలు. ముందు గోడకి ఒక కిటికీ ఉన్నట్టు రంగు వేసి ఉంది, కానీ లోపల గోడే. నాకు సరదా అనిపించి కనుక్కుంటే, 1798 నుంచి 1926 దాకా ఆ దేశంలో తలుపులకీ కిటికీలకీ లెక్కపెట్టి పన్ను వేసేవాళ్లట. పన్ను తప్పించుకోవడానికి చాలా ఇళ్లలో కిటికీలు మూసేశారు.

అక్కడ కొనే పద్ధతి మనకంటే నయం అని చెప్పాలి. అమ్మకం "నోతేర్" ముందు జరుగుతుంది. మన స్టాంపు కాగితాల నోటరీ కాదు. లాయరు, సబ్‌రిజిస్ట్రారు కలిస్తే ఎలా ఉంటుందో అలాంటి అధికారి. పాత ఇళ్లకి ఆ ఖర్చు ధరలో దాదాపు 7, 8 శాతం. అందులో ఎక్కువభాగం ప్రభుత్వానికి పోయే పన్నే. చాలామందికి తెలియనిది ఏంటంటే, అమ్మేవాళ్లకి ఒక నోతేర్ ఉన్నా, మీ తరఫున మీరు ఇంకొకర్ని పెట్టుకోవచ్చు. ఫీజు పెరగదు, ఉన్నదాన్నే ఇద్దరూ పంచుకుంటారు. అయినా మనవాళ్లు ఏజెంట్ చూపించిన ఆయన దగ్గరికే వెళ్లిపోతుంటారు. వెళ్లకండి.

మొదటి సంతకం "కొంప్రొమీ" అనే ఒప్పందం మీద. అప్పుడు 5 నుంచి 10 శాతం అడ్వాన్సు. ఆ ఒప్పందం చేతికందిన మర్నాటి నుంచి కొనేవాళ్లకి 10 రోజులు గడువు. ఆ పది రోజుల్లో కారణం చెప్పకుండా వద్దనొచ్చు, అడ్వాన్సు 21 రోజుల్లో వెనక్కి రావాలి. అమ్మేవాళ్లకి ఈ వెసులుబాటు లేదు. బ్యాంకు లోను రాకపోతే ఒప్పందం రద్దు అనే షరతు కూడా రాయించుకోవచ్చు. ప్లాటు కొని టోకెన్ అడ్వాన్సు పోగొట్టుకున్నవాళ్లకి ఇది స్వర్గంలా వినిపిస్తుంది.

బావగారు ఆ గడువుని నమ్ముకునే సంతకం చేశారు. 27,000 యూరోలు కట్టారు. ఆ కాగితం రిజిస్టర్డ్ పోస్టులో వచ్చిన సాయంత్రం నాకు ఫోన్ చేసి, "పది రోజులుంది, రా, ఇంటిని పిండేద్దాం" అన్నారు. పన్నెండేళ్ల పొదుపు అది. పైగా అక్క ఉద్యోగం మానేసి గెస్ట్‌హౌస్ చూసుకోవాలని వాళ్ల ప్లాను.

ఫ్రాన్స్‌లో అమ్మేవాళ్లే కొన్ని పరీక్షలు చేయించి ఆ రిపోర్టులన్నీ కలిపి ఇవ్వాలి. 1949కి ముందు కట్టిన ఇంటికి సీసం, 1997 జులైకి ముందు పర్మిషన్ ఉన్నదానికి ఆస్బెస్టాస్, పదిహేనేళ్లు దాటిన కరెంటు వైరింగు, కొన్ని ప్రాంతాల్లో చెదలు, ఇంధనం ఎంత తాగుతుందో ఏ నుంచి జీ దాకా ఒక గ్రేడు. కానీ ఈ రిపోర్టుల్లో ఎక్కడా "ఈ కప్పు ఇంకెన్నాళ్లు నిలబడుతుంది" అని ఉండదు. గోడ సంగతి ఉండదు. అది ఎవరూ అడగకుండా చెప్పరు. కొన్నాక దాచిన లోపం బయటపడితే కేసు వేద్దామనుకుంటారేమో, మామూలు మనుషులు అమ్మే ఒప్పందాల్లో ఆ బాధ్యత మాది కాదని ఒక లైను దాదాపు ఎప్పుడూ ఉంటుంది. వాళ్లు కావాలని దాచారని మీరు రుజువు చేయాలి.

అందుకని బావగారు ఒక ముసలి తాపీమేస్త్రీని వెతికి తెచ్చారు. ఆయన ఇంటి లోపలికి రానేలేదు, ముందు చుట్టూ తిరిగాడు. ఉత్తరం గోడకి ఎవరో సిమెంటు పూశారు. దాన్ని గోరుతో తట్టి తల అడ్డంగా ఊపాడు. ఆ కాలం గోడలు రాయీ సున్నమూ. మన పాత మేడలకి గానుగలో ఆడించిన డంగు సున్నం వాడేవాళ్లు చూడండి, అలాంటిదే. ఆ గోడలు కింద నుంచి చెమ్మ పీల్చుకుంటాయి, సున్నం గుండా బయటికి వదిలేస్తాయి. పైన సిమెంటు పూస్తే ఊపిరాడదు. చెమ్మ లోపలే ఉండి రాయిని, దూలాల కొసల్ని తినేస్తుంది. లోపల కొత్త వాల్‌పేపర్ అంటించిన గోడ సరిగ్గా అదే గోడ!

ఇంకో మూల కిటికీ పైనుంచి మెట్లు మెట్లుగా చీలిక. గేర్స్ నేల బంకమట్టి. ఎండాకాలం కుంచించుకుపోతుంది, వానాకాలం ఉబ్బుతుంది. మన నల్లరేగడి మీద పునాది లేని గోడ కడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. దీనికి మీరు అక్కడికి పోనక్కర్లేదు, "జియోరిస్క్" అని ఫ్రెంచి ప్రభుత్వ వెబ్‌సైట్ ఉంది. అడ్రస్ కొడితే మట్టి ప్రమాదం, వరద ప్రమాదం మ్యాపులో ఫ్రీగా చూపిస్తుంది. అలాగే "డీవీఎఫ్" అనే ప్రభుత్వ డేటాలో ఆ ఊళ్లో ఈమధ్య ఏ ఇల్లు నిజంగా ఎంతకి అమ్ముడుపోయిందో ఉంటుంది, ఫోన్‌లోనే చూసుకోవచ్చు. ఏజెంట్ చెప్పే రేటు కాదు, నోతేర్ దగ్గర రాసిన రేటు. మన దగ్గర ఇలాంటిది చేతికందేలా ఉంటే ఎంతమంది బాగుపడేవాళ్లో!

ఇక మురుగు. పల్లెల్లో డ్రైనేజీ లైను ఉండదు, సెప్టిక్ ట్యాంకే. దాన్ని తనిఖీ చేసిన రిపోర్టు అమ్మకానికి తప్పనిసరి. రూల్స్ ప్రకారం లేదని రిపోర్టులో ఉంటే, కొన్న ఏడాదిలోపు బాగుచేయించాల్సింది కొన్నవాళ్లే. ఈ ఇంటిది అలాగే ఉంది. అదీ ఒక కుటుంబానికి సరిపడే ట్యాంకు. ఐదు గదుల్లో పదిమంది అతిథులు రోజూ స్నానం చేస్తే? బావగారు ఆ పేజీ రెండుసార్లు చదివి ఫోన్ జేబులో పెట్టేసుకున్నారు.

వేడి నీళ్ల బాయిలరు డీజిల్‌లాంటి నూనె మీద నడిచేది. అది పాడైతే అలాంటిదే కొత్తది పెట్టడం 2022 జులై నుంచి నిషేధం. వేరే పద్ధతికి మారాల్సిందే.

ఇంకా ఉంది. ఊరి చర్చి చారిత్రక కట్టడం. అలాంటి కట్టడానికి 500 మీటర్ల లోపు ఉన్న ఇంటి బయట ఏం మార్చాలన్నా, ఆ ప్రాంతపు వారసత్వ కట్టడాల ఆర్కిటెక్ట్ అభిప్రాయం కావాలి. ప్లాస్టిక్ కిటికీలు పెట్టుకుంటామంటే వద్దనొచ్చు, పెంకు రంగు కూడా చెప్పొచ్చు. నాకైతే ఇది మంచి రూలే అనిపించింది. ఆ ఊళ్లు ఇంకా అంత అందంగా ఉన్నాయంటే ఇలాంటి మనుషులు కాపలా కాయబట్టే. కానీ ఆ అందానికి బిల్లు కట్టేది మీరు.

అంచనాలు తెప్పించాం. కప్పుకి 60,000. సెప్టిక్‌కి 14,000. కొత్త హీటింగుకి 25,000. ఐదు గదులకి అటాచ్డ్ బాత్‌రూములు, వైరింగుతో సహా 75,000. మొత్తం 1,74,000 యూరోలు. ఇంటి ధర, నోతేర్ ఖర్చు కలిపితే 4 లక్షల 71 వేలు. రీల్‌లో రెండు ముప్పావు కోట్ల ఇల్లు, కాగితం మీద నాలుగు కోట్ల డెబ్బై లక్షలు. స్విమ్మింగ్ పూల్ ఇంకా కలపలేదు. అక్కడ ఎండాకాలం పూల్ లేని గెస్ట్‌హౌస్‌ని ఎవరూ చూడరు. పూల్ కడితే పిల్లలు పడకుండా కంచె, అలారం, కవర్ లాంటి రక్షణ ఏదో ఒకటి చట్టప్రకారం ఉండాలి.

సరే, గెస్ట్‌హౌస్‌తో రాబట్టుకుందాం అంటారా? నేను మిమ్మల్ని ఆపి చెప్పాలనుకున్నది ఇక్కడే ఉంది.

ఫ్రెంచి చట్టంలో "షాంబ్ర్ దోత్" అంటే మీరు నివాసం ఉండే ఇంట్లోనే అతిథికి గది ఇవ్వడం. గరిష్ఠంగా 5 గదులు, 15 మంది. పడకా, దుప్పట్లూ, పొద్దున టిఫినూ అద్దెలో కలిసి ఉండాలి. వచ్చినవాళ్లని ఇంటివాళ్లే ఆహ్వానించాలి. మునిసిపాలిటీలో ముందే చెప్పాలి. ఎనిమిది బెడ్‌రూములు ఉన్నాయి కదా అని ఎనిమిదీ ఇవ్వలేరు. ఆ హద్దు దాటితే హోటల్ లెక్క, ఫైర్ సేఫ్టీ నిబంధనలు వేరే స్థాయిలో ఉంటాయి. వంటగదితో సహా విడిగా ఇచ్చే ఇల్లయితే దాన్ని "జీత్" అంటారు, దానికి మీరు అక్కడే ఉండక్కర్లేదు. కానీ తాళాలివ్వడానికి, శుభ్రం చేయడానికి, పైపు పగిలితే పరిగెత్తడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా.

అంటే అది మీకోసం డబ్బు సంపాదించే ఇల్లు కాదండీ. ఇంటితోపాటు మీరు కొనుక్కునే ఉద్యోగం.

బావగారు ఎక్సెల్‌లో ఐదు గదులు, 90 యూరోలు, 365 రోజులు అని గుణించి పెట్టారు. అక్క పక్కన కూర్చుని ఒక్కో నెలా తీసేసింది. జులై, ఆగస్టుల్లో 62 రాత్రులు. మార్సియాక్ అనే ఊళ్లో జాజ్ సంగీతోత్సవం జరిగేది అప్పుడే, రోజుకి నాలుగు గదులు నిండుతాయి అనుకుందాం. 248. మే, జూన్, సెప్టెంబరు వారాంతాల్లో మూడేసి గదులు, అదో 78. మిగతా ఏడాదంతా కలిపి ఒక 24. మొత్తం 350 గది రాత్రులు, 31,500 యూరోలు. అందులోంచి బుకింగ్ సైట్ల కమీషను, టిఫిన్లు, లాండ్రీ, హీటింగు, ఇన్సూరెన్సు, పన్నులు పోతే సగం మిగిలితే గొప్ప. అక్కకి అప్పటి జీతం దానికి రెండింతలు పైనే.

అక్క అన్నమాట నాకు బాగా గుర్తు. "ఒరేయ్ తమ్ముడూ, నాకు ఇల్లు నచ్చింది. పొద్దున్నే తెలియనివాళ్లకి నవ్వుతూ కాఫీ ఇవ్వడం నచ్చుతుందా లేదా అన్నది నన్ను ఎవరూ అడగలేదురా."

బావగారు చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "నేనూ అడగలేదు కదా" అన్నారు.

తొమ్మిదో రోజు రిజిస్టర్డ్ పోస్టులో వద్దని పంపారు. అడ్వాన్సు వెనక్కి వచ్చింది. ఏజెంట్ మొహం మాడ్చుకున్నాడు, అంతే.

ఇది విని ఎవరూ చేయలేరని అనుకోకండి. ఆ పక్క ఊళ్లోనే ఒక జంట పదిహేనేళ్లుగా నడుపుతున్నారు. ఆమె హోటల్లో పనిచేసి వచ్చింది, ఆయన వడ్రంగి. నాలుగు గదులు, రాత్రిపూట అందరూ ఒకే బల్ల మీద భోజనం. వాళ్లు అక్కడ ఉండాలనుకున్నారు, దానికి ఇల్లు వెతుక్కున్నారు. "ఎస్కేప్ టు ది షాటో" అని బ్రిటన్ చానల్ 4లో వచ్చిన షో చూసి చాలామందికి ఈ పిచ్చి పట్టింది. అందులో ఆ దంపతులు 2015లో 45 గదుల కోటని 2,80,000 పౌండ్లకి కొన్నారు. కానీ ఆయన సైన్యంలో లెఫ్టినెంట్ కల్నల్‌గా చేసిన ఇంజినీరు, పైపులు తనే వేసుకున్నాడు. వాళ్ల ఆదాయం పెళ్లిళ్లు, టీవీ. గది అద్దెలతో ఆ కోట నిలబడలేదు.

ఇండియాలో ఉండి కొందామనుకునేవాళ్లకి రెండు మాటలు. రిజర్వ్ బ్యాంకు స్కీములో ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి 2.5 లక్షల డాలర్ల వరకు పంపొచ్చు, విదేశంలో ఇల్లు కొనడానికీ వాడొచ్చు. 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద ఇప్పుడు 20 శాతం టీసీఎస్ పట్టుకుంటారు, రిటర్నులో సర్దుబాటు అవుతుంది గానీ అంత డబ్బు అప్పటిదాకా ఇరుక్కుపోతుంది. అసలు చిక్కు అది కాదు. ఫ్రాన్స్‌లో ఇల్లు కొంటే వీసా రాదు. టూరిస్టు వీసా మీద 180 రోజుల్లో 90 రోజులే. షాంబ్ర్ దోత్‌కేమో మీరు అక్కడ నివాసం ఉండాలి. ఈ రెండూ కలవవు. మన యానాంలో 1954 దాకా ఫ్రెంచి పాలన ఉండటం వల్ల ఫ్రెంచి పౌరసత్వం ఉన్న కుటుంబాలు కొన్ని ఉన్నాయి, వాళ్లకి ఈ గొడవ లేదు. మిగతావాళ్లకి ముందు వ్యాపారం చేసుకునే వీసా, దానికి ప్లాను, ఫ్రెంచి భాష. భాష రాకపోతే నోతేర్ ముందు సంతకానికే దుబాసీ కావాలి. ప్లంబర్‌తో రోజూ దుబాసీని పెట్టుకోలేం కదా!

ఇల్లు నిజంగా చూడాలనిపిస్తే ఫిబ్రవరిలో చూడండి. రీల్స్ అన్నీ జూన్‌లో తీసినవే. ఫిబ్రవరిలో ఆ ఊళ్లో ఒక వారం అద్దెకుండండి. పెందలాడే చీకటి, రొట్టెల దుకాణం వారానికి మూడు రోజులు తెరుస్తారు, లోపల పొయ్యి వెలిగించినా చేతులు కొంకర్లు. అక్కావాళ్లు ఇప్పుడు అదే చేస్తున్నారు, ఇంకా వెతుకుతూనే ఉన్నారు. ఈసారి మూడు గదుల చిన్న ఇళ్లు, తులూజ్‌కి రైలు ఉన్న ఊళ్లలో. అక్క ఉద్యోగం మానడం లేదు.

నలుగురం కలిసి కొందాం అన్న ఫ్రెండ్‌కి మాత్రం నేను ఇంకో లింకు పంపాను. వ్యెన్ జిల్లాలో లా మోత్-షాందెనియే అని ఒక కోట ఉంది. 1932లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది, గోడల మధ్య నుంచి చెట్లు పెరిగి ఆకాశంలోకి వచ్చేశాయి. 2017లో ఇంటర్నెట్‌లో చందాలు పోగేసి, వందకు పైగా దేశాల నుంచి 25 వేలమందికి పైగా, ఒక్కొక్కరు కనీసం 50 యూరోల చొప్పున వేసుకుని దాన్ని కొన్నారు. 5 లక్షల యూరోల కోట, 16 లక్షలు పోగయ్యాయి. వాటాదారులందరూ యజమానులే. అందులో పడుకోవడానికి గది లేదు, కప్పే లేదు. కానీ బాయిలరు కూడా లేదు!

వచ్చేవారం కలుద్దాం. ఉంటాను.